రంగు గోడ మీద చెక్క నిలవాలంటే జిగురు కన్నా ముందు చూడాల్సిన పొర

క్లుప్తంగా: రంగు వేసిన గోడకు చెక్క అతికిస్తే జిగురు పట్టుకునేది గోడను కాదు, గోడ మీదున్న రంగును. చెక్క ఊడినప్పుడు చాలాసార్లు విడిపోయేది ఆ రంగు, దాని కింది లప్పమే (పుట్టీ). అందుకే మొదట రంగు ఏ రకమో, గోడను ఎంత గట్టిగా పట్టుకుని ఉందో చూడాలి. తర్వాత చెక్క బరువు ఎటు లాగుతుందో లెక్కేయాలి. ఏ జిగురు కొనాలన్నది ఆ రెండూ తేలాకే. ఎండకీ వానకీ మధ్య గాలిలో తేమ బాగా మారే హైదరాబాద్‌లో చెక్క కదలికను తట్టుకునే సాగే గుణం కూడా జిగురుకు ఉండాలి.

కొండాపూర్, కూకట్‌పల్లి వైపు కొత్త ఫ్లాట్లలో హాలు గోడకు చెక్క ప్యానెళ్లు పెట్టించుకోవడం మామూలైపోయింది. అద్దె ఇళ్లలో ఓనరు డ్రిల్లింగ్ వద్దంటే దేవుడి పటాల కింద పలక, తాళాల స్టాండు, గుమ్మం పక్కన టేకు నేమ్‌ప్లేటు అన్నీ జిగురు మీదే ఆధారపడతాయి. వానలు మొదలయ్యాక వీటిలో కొన్ని రాత్రికి రాత్రి ఊడి కింద పడతాయి. జిగురు మంచిది కాదనుకుని మరింత ఖరీదైనది తెస్తారు. అదీ కొన్నాళ్లే నిలుస్తుంది. దుకాణంలో ట్యూబు మీద వంద కిలోలు, రెండు వందల కిలోలు మోస్తుందని రాసి ఉంటే, ఇంట్లో కిలో బరువున్న పలక ఎందుకు పడిందో అర్థం కాక టెన్షన్ పడతారు.

ఆ ట్యూబు మీద రాసిన అంకె అబద్ధం కానక్కర్లేదు. శుభ్రమైన, గట్టి ఉపరితలాల మధ్య జిగురుకు ఉండే బలం అది. రంగు గోడ అలాంటి ఉపరితలం కాదు.

ఊడిన చెక్క వెనక్కి తిప్పి చూస్తే

పడిపోయిన చెక్కను పారేయకముందు దాని వెనక వైపు చూడాలి. కారణం అక్కడే రాసి ఉంటుంది. ఎవరినీ అడగనక్కర్లేదు.

చెక్కకు అంటుకున్న జిగురు మీద గోడ రంగు పొర మొత్తం పెచ్చులా వచ్చి, దాని వెనక తెల్లటి పొడి కనిపిస్తే జిగురు తన పని పూర్తిగా చేసినట్టే. రంగును అది వదల్లేదు, రంగే లప్పాన్ని వదిలింది. ఇలాంటి చోట ఎంత బలమైన జిగురు తెచ్చినా ఫలితం మారదు. నిజానికి కొన్నిసార్లు ఇంకా చెడుతుంది. గట్టి జిగురు మరింత పెద్ద పెచ్చును లాక్కొస్తుంది.

జిగురంతా చెక్క మీదే ఉండి, దాని ముఖం గోడ అచ్చు పడినట్టు నున్నగా మెరుస్తుంటే అది వేరే సంగతి. జిగురు రంగుకు అసలు పట్టలేదు. నిగనిగలాడే ఎనామిల్ మీద, వంటింటి గోడల మీద పేరుకున్న నూనె జిడ్డు మీద ఇలా జరుగుతుంది. గోడ మీద జిగురు మిగిలి చెక్క శుభ్రంగా ఉంటే లోపం చెక్క వైపుది. రంపపు పొట్టు తుడవకపోవడం, టేకులో సహజంగా ఉండే నూనె, మైనం లాంటి పాలిష్, జిగురు పూసి ఆలస్యంగా అంటించడం ఇందుకు కారణాలు. రెండు వైపులా జిగురు సగం సగం చీలి ఉంటే అప్పుడు మాత్రమే జిగురును అనుమానించాలి. అది ఆరకముందే బరువు పడిందా, మోయగలిగిన దానికన్నా ఎక్కువ పెట్టారా అని చూడాలి.

ఇళ్లలో ఎక్కువగా కనిపించేది మొదటి రకమే. అందుకని దాని గురించి కాస్త వివరంగా తెలుసుకోవడం మంచిది.

గోడ ఒక్క పొర కాదు

ఇటుక లేదా కాంక్రీటు మీద సిమెంటు ప్లాస్టరింగ్, దాని మీద లప్పం, లప్పం మీద ప్రైమర్, ఆపైన రెండు కోట్ల రంగు. చెక్క ఆ వరుసలో చివర చేరుతుంది. ఒకరి చేయి ఒకరు పట్టుకుని నిలబడిన వరుస లాంటిది ఇది. ఎవరి పట్టు అందరికన్నా బలహీనమో అక్కడే వరుస తెగుతుంది. చెక్కకు చెక్కను మామూలు తెల్ల జిగురుతో బాగా అతికించి విరిస్తే జిగురు గీత పక్కన చెక్కే చీలుతుంది. అంత బలమైన జిగురే రంగు గోడ మీద ఓడిపోవడానికి కారణం ఈ మధ్య పొరలే.

లప్పం ఇందులో చాలా సున్నితమైనది. తెల్ల సిమెంటుతో చేసిన పుట్టీ గట్టిపడాలంటే దానికి తేమ కావాలి. ఎర్రటి ఎండలో, తడపని గోడ మీద పూస్తే గోడ దాని నీటిని పీల్చేసుకుంటుంది. పుట్టీ ఎండుతుంది కానీ గట్టిపడదు. పైకి నున్నగా ఉంటుంది, గోటితో గీస్తే పొడి రాలుతుంది. గోడ వంకరలు కప్పడానికి మందంగా పూసిన చోట ఇది మరీ ఎక్కువ. పైన రంగు వేశాక ఆ బలహీనత కంటికి కనిపించదు. రంగు బరువు ఎంతని, దాన్ని మోయడానికి ఆ పట్టు సరిపోతుంది. చెక్కను మోయాల్సి వచ్చినప్పుడే అసలు విషయం బయటపడుతుంది.

నగరానికి పడమటి వైపు లేస్తున్న ఎత్తైన భవనాల్లో చాలావాటికి ఇటుక గోడలు లేవు. అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసే పద్ధతిలో కడుతున్నారు. మైవాన్ అని అందరూ పిలిచేది దాన్నే. ఆ గోడలు గట్టివి. మామూలు డ్రిల్లు సులువుగా దిగదు, అందుకే అక్కడ జిగురు వైపు మొగ్గు ఎక్కువ. అయితే అచ్చులోంచి వచ్చిన కాంక్రీటు ముఖం చాలా నున్నగా ఉంటుంది. అచ్చుకు అంటకుండా పూసిన నూనె కడగకుండా మిగిలితే లప్పం పట్టు ఇంకా తగ్గుతుంది. గోడ బలంగా ఉంది కదా అని దాని మీది పూత కూడా అంతే బలంగా ఉందనుకోకూడదు.

రంగుల్లో తేడాలు

సున్నం కొట్టిన గోడ మీద ఏ జిగురూ నిలవదు. పాతబస్తీలోనూ, పాత పెంకుటిళ్లలోనూ ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటిగా వేసిన సున్నం పొరలు ఉంటాయి. అరచేతితో రుద్దితే తెల్లగా అంటుకునే గోడకు జిగురు పూయడం అంటే పొడికి పూయడమే.

డిస్టెంపర్ కొంత నయం, కానీ నమ్మదగింది కాదు. అందులో సుద్ద లాంటి పొడి ఎక్కువ, ఆ పొడిని కలిపి ఉంచే బంధకం తక్కువ. తడి తగిలితే మెత్తబడుతుంది. నీళ్లతో తయారైన తెల్ల జిగురును దాని మీద పూస్తే జిగురులోని నీరే డిస్టెంపర్‌ను నానబెడుతుంది. పూసిన మరుక్షణం నుంచే పట్టు సడలడం మొదలవుతుందన్నమాట.

ఇప్పటి ఇళ్లలో ఎక్కువగా ఉండేది ప్లాస్టిక్ ఎమల్షన్. ఆరాక ఇది సన్నటి ప్లాస్టిక్ పొరలా తయారవుతుంది. మంచి లప్పం, ప్రైమర్ మీద వేసి ఉంటే తేలికపాటి చెక్కను బాగానే మోస్తుంది. దీని బలహీనత థిన్నర్ లాంటి ద్రావకాలు. టోలుయిన్ అనే ద్రావకం ఉన్న జిగురు తగిలితే ఎమల్షన్ మెత్తబడి ముడతలు పడుతుంది.

తలుపులు, కిటికీలు, ఇనుప గేట్లకు వేసే ఎనామిల్ దీనికి పూర్తిగా భిన్నం. నూనె ఆధారంగా తయారై, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడే రంగు ఇది. గట్టిగా, నున్నగా ఉంటుంది, నీటిని పీల్చదు. జిగురు లోపలికి దిగడానికి రంధ్రాలు ఉండవు. అందుకే దీన్ని గరుకు కాగితంతో రుద్ది మెరుపు పోగొట్టకుండా అతికిస్తే జిగురు పైపైనే ఉండిపోతుంది. రుద్దితే మాత్రం ఎనామిల్ మంచి ఆధారమే. చెక్క మీద, ఇనుము మీద దాని పట్టు గోడ రంగుల పట్టు కన్నా ఎక్కువ.

టెక్స్చర్ పెయింట్ గోడల సంగతి లెక్కతో తేలుతుంది. చెక్క ఆ ఎత్తుపల్లాల కొనలకే తగులుతుంది. పది అంగుళాల పలక పెట్టినా నిజంగా తగిలేది అందులో కొంత భాగమే.

కొత్తగా వేసిన రంగుకు తొందర పనికిరాదు. ఎమల్షన్ గంటల్లో ఆరినట్టు కనిపిస్తుంది, కానీ పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఎనామిల్ కూడా అంతే. గృహప్రవేశం ముహూర్తానికి ముందురోజు రంగు, మర్నాడు ప్యానెళ్లు అంటే ఆ రెండింటిలో ఒకటి పాడవుతుంది.

ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్షలు

ముందు నల్లటి పొడి గుడ్డతో గోడను గట్టిగా రుద్దాలి. పొడి అంటితే ఆ రంగు మీద అతికించకూడదు. తర్వాత కనపడని మూల చూసుకుని బ్లేడుతో రెండు మూడు మిల్లీమీటర్ల ఎడంలో నిలువు, అడ్డం గీతలు గీసి చిన్న గడుల్లా చేయాలి. దాని మీద మంచి అంటు ఉన్న టేపును గట్టిగా నొక్కి, ఒక్క ఊపున లాగాలి. రంగుల పరిశ్రమ వాడే పరీక్ష కూడా ఈ పద్ధతిలోనే ఉంటుంది. గడులు ఎక్కడివక్కడ ఉంటే రంగు పట్టు బాగున్నట్టు. గడులకు గడులే టేపుతో వస్తే జిగురు కొనడం డబ్బు దండగ.

ఎమల్షనా, ఎనామిలా తేలకపోతే దూదిని స్పిరిట్‌లో ముంచి కాసేపు రుద్దితే చాలు. ఎమల్షన్ మెత్తబడి దూదికి రంగు అంటుతుంది. ఎనామిల్ చెదరదు.

తేమ సంగతి వేరుగా చూడాలి. బాత్‌రూమ్ వెనక గోడ, పైన ట్యాంకు ఉన్న గోడ, వాన జల్లు కొట్టే గోడ మీద అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవరు పరిచి నాలుగు అంచులా టేపు వేసి ఒక రోజు ఉంచాలి. కవరు లోపలి వైపు చెమర్చితే గోడలోంచి నీరు బయటికి వస్తోంది. ఆ నీటితో పాటు వచ్చే ఉప్పు రంగు వెనక పేరుకుని పెచ్చులు లేపుతుంది. అలాంటి గోడకు చెక్క అతికిస్తే నీరు పోయే దారి మూసుకుపోయి, చెక్క వెనక బూజు కూడా పడుతుంది. కారుతున్న చోటు బాగుచేయించడం తప్ప దీనికి వేరే మందు లేదు.

బరువు ఎంత అన్నది కాదు, ఎటు లాగుతోందన్నదే ముఖ్యం

ఎనిమిది బై నాలుగు అడుగుల, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు బరువు దాదాపు 22 కిలోలు. దాని వెనక భాగం సుమారు 3 చదరపు మీటర్లు. మొత్తం గోడకు ఆనుకుని అతికితే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద పడేది గ్రాము కన్నా తక్కువ. ఏ రంగైనా మోయగలిగిన బరువది. అయినా షీట్లు ఊడుతున్నాయి.

కారణం షీటు వంపు. పూర్తిగా చదునుగా ఉండే షీటు గానీ గోడ గానీ దాదాపు ఉండవు. వంగిన షీటును బలవంతంగా నొక్కి అతికిస్తే అది తిరిగి తన వంపులోకి పోవాలని రోజంతా, రాత్రంతా లాగుతూ ఉంటుంది. ఆ లాగుడు కిందికి కాదు, గోడ నుంచి బయటికి. అదీ మూలల దగ్గర. ఒక మూల లేచిందంటే ఆ తర్వాత ఊడటం స్టిక్కరును అంచు నుంచి ఒలిచినట్టే, గీత వెంట గీతగా. కిందికి జారే బరువును జిగురు, రంగు రెండూ బాగా ఓర్చుకుంటాయి. ఒలిచే లాగుడును రెండూ ఓర్చుకోలేవు.

ముందుకు పొడుచుకొచ్చే అరల విషయంలో ఇది ఇంకా తీవ్రం. 20 సెంటీమీటర్లు ముందుకొచ్చే పలక మీద 5 కిలోలు పెట్టారనుకుందాం. పలక వెనక 8 సెంటీమీటర్ల ఎత్తున్న పట్టీ వేసి దాన్ని గోడకు అతికిస్తే, పట్టీ పైభాగాన్ని గోడ నుంచి బయటికి లాగే శక్తి సుమారు 9 కిలోలు. పట్టీ లేకుండా 1.8 సెంటీమీటర్ల మందమున్న పలక అంచునే గోడకు అతికిస్తే అదే 5 కిలోలు 40 కిలోలకు పైగా లాగుడుగా మారతాయి. మోయాల్సిన సామాను అంతే, పలకా అదే. మారింది మీట పొడవు మాత్రమే.

కాబట్టి పుస్తకాలు, దీపారాధన కుందులు, సెట్‌టాప్ బాక్సు లాంటివి మోసే అరలను రంగు మీద జిగురుతో నిలబెట్టే ప్రయత్నం చేయకూడదు. గోడకు రంధ్రం చేసి గిట్టీ (స్క్రూను పట్టి ఉంచే ముక్క) వేసి స్క్రూ బిగించాలి. మంచం తలాపున, పిల్లలు ఆడుకునే చోట, మనిషి తల కన్నా ఎత్తులో ఉండే ఏ బరువైన చెక్కకైనా ఇదే వర్తిస్తుంది. ఓనరు ఒప్పుకోకపోతే ఆ అర నేల మీద నిలబడే స్టాండుగా మారాలే తప్ప, జిగురు మీద వేలాడకూడదు.

ఒకే పేరు మీద వేర్వేరు జిగుర్లు

రాణిగంజ్‌లోనో వీధి చివర హార్డ్‌వేర్ షాపులోనో ‘ఫెవికాల్ ఇవ్వండి’ అని అడిగితే ఇచ్చేది మామూలుగా తెల్ల జిగురు. 1959లో మార్కెట్లోకి వచ్చిన ఈ పేరు తర్వాత జిగురుకే మారుపేరైపోయింది. ఎముకలు, తోలు ఉడికించి తీసిన జిగురును వేడి చేసి పూసుకునే వడ్రంగుల పనిని ఇలాంటి తెల్ల జిగుర్లు ఎంతో తేలిక చేశాయి. కానీ ఆ పేరు మీదే ఉన్న ఎస్‌హెచ్, ఎస్ఆర్ రెండూ పూర్తిగా వేర్వేరు పదార్థాలు. రంగు గోడ దగ్గర చాలా పొరపాట్లు ఈ తేడా తెలియకే జరుగుతాయి.

ఎస్‌హెచ్ రకం తెల్ల జిగురులో పాలీవినైల్ ఎసిటేట్ అనే పదార్థపు సన్నటి రేణువులు నీటిలో తేలుతుంటాయి. చెక్క ఆ నీటిని పీల్చుకుంటుంది. మిగిలిన రేణువులు దగ్గరికొచ్చి ఒక్క పొరగా కలిసిపోతాయి. నీరు పోయే దారి ఉంటేనే ఇది పనిచేస్తుంది. రంగు గోడ వైపు ఆ దారి మూసి ఉంటుంది, చెక్క వైపు మాత్రమే తెరిచి ఉంటుంది. కాబట్టి ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతసేపూ చెక్కను కదలకుండా నొక్కి ఉంచాలి. నిలువు గోడ మీద అలా నొక్కి ఉంచడమే కష్టం. ఖాళీలను ఇది నింపలేదు. నిరంతర బరువు కింద నెమ్మదిగా జారుతుంది, తేమకీ వేడికీ మెత్తబడుతుంది. రుద్ది గరుకు చేసిన ఎమల్షన్ మీద సన్నటి బీడింగ్ పట్టీకి సరిపోతుంది. అంతకు మించి దీని మీద భారం వేయకూడదు.

ఎస్ఆర్ రకం రబ్బరు జిగురు. సన్‌మైకా అంటించేది దీంతోనే. రెండు వైపులా పూసి, పది పదిహేను నిమిషాలు ఆగి, వేలికి అంటనంతగా ఆరాక నొక్కితే వెంటనే పట్టేస్తుంది. పట్టాక జరపడం కుదరదు. నిలువు గోడకు ఇది సౌకర్యంగా కనిపిస్తుంది. కానీ దీనిలోని ద్రావకం ఎమల్షన్‌ను మెత్తబరుస్తుంది. ఎనామిల్ పాతదైతే తట్టుకుంటుంది, కొత్తదైతే ముడతలు పడే ప్రమాదం ఉంది. వానాకాలంలో మరో ఇబ్బంది. ద్రావకం ఆవిరవుతూ పొరను చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద కంటికి కనిపించనంత సన్నగా చేరుతుంది, పట్టు తగ్గుతుంది. ఈ ఆవిరికి మంటంటుకుంటుంది కూడా. కిటికీలు తీసి, గ్యాస్ పొయ్యి, దేవుడి దీపం ఆర్పి చేయాల్సిన పని ఇది.

గన్నుతో పిండే ట్యూబు జిగుర్ల సంగతికొస్తే, మేకులు అవసరం లేదని చెప్పి అమ్మే వాటిలో కనీసం నాలుగు రకాలున్నాయి. నీటి ఆధారిత యాక్రిలిక్, ద్రావకం ఉన్న రబ్బరు, పాలీయూరెథేన్, ఎంఎస్ పాలిమర్ లేదా హైబ్రిడ్. రంగు గోడకు వీటిలో బాగా పొసిగేది చివరిది. ఇందులో రంగును కరిగించే ద్రావకం ఉండదు. రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీని నింపుతుంది, కాబట్టి గోడ వంకరలు ఇబ్బంది పెట్టవు. ఆరాక రబ్బరులా సాగుతుంది, చెక్క కదిలినా తట్టుకుంటుంది. ధర ఎక్కువే, కానీ వాడేది తక్కువ. పాలీయూరెథేన్ కూడా బలంగానే పట్టుకుంటుంది. అయితే కొన్ని రకాలు నురగలా ఉబ్బి చెక్కను గోడ నుంచి నెట్టేస్తాయి, చేతికి అంటితే రోజుల తరబడి పోదు.

ఈ హైబ్రిడ్ జిగురు గట్టిపడేది గాలిలోని తేమతో. కాబట్టి దాన్ని పలక వెనకంతా పులిమేసినా, చుట్టూ గడిలా మూసేసినా మధ్యలోది రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది. నిలువు గీతలుగా, గీతకూ గీతకూ మధ్య గాలి ఆడేలా పిండాలి. మే నెల పొడి గాలిలో ఇది ఆలస్యంగా గట్టిపడుతుంది, జులైలో త్వరగా. తెల్ల జిగురు దీనికి తలకిందులు. ఎండాకాలం అంటించేలోపే మీద పొర కడుతుంది, వానాకాలం రోజంతా ఆరదు.

రెసిన్, హార్డెనర్ కలిపి వాడే ఎపాక్సీ వీటన్నిటిలో గట్టిది. రుద్దిన ఎనామిల్ మీద, ఇనుప గేటు మీద చిన్న చెక్క ముక్కకు దానికి సాటి లేదు. గోడ మీద మాత్రం ఆ గట్టిదనం అంతగా ఉపయోగపడదు. రంగు పొర తెగే బలం దగ్గరే అంతా ఆగిపోతుంది. పైగా అది సాగదు. చెక్క కదిలితే ఆ ఒత్తిడి మొత్తం రంగు మీదికి వెళ్తుంది. మండు వేసవిలో కలిపిన ఎపాక్సీ డబ్బా మీద రాసిన సమయం కన్నా చాలా ముందే గట్టిపడుతుంది. కొద్దికొద్దిగా కలుపుకోవాలి.

ఫెవిక్విక్ లాంటి సైనోఎక్రిలేట్ జిగుర్లు పెళుసు. సందులు నింపవు, దెబ్బ తగిలితే టప్పున ఊడతాయి. అసలు జిగురు ఆరేవరకు చెక్కను పట్టి ఉంచడానికి ఒకటి రెండు చుక్కలు వాడుకోవచ్చు, అంతే. సిలికాన్ సందులు మూయడానికి చేసినది, బరువు మోయడానికి కాదు. వెనిగర్ వాసన వచ్చే రకం ఆమ్లాన్ని వదులుతుంది, సిమెంటుకు అది పడదు. సిలికాన్ మరక మిగిలిన చోట తర్వాత రంగు కూడా పట్టదు. ఫోమ్ ఉన్న డబుల్ టేపులు నున్నటి ఎనామిల్ మీద, బాగా గట్టిపడిన ఎమల్షన్ మీద తేలిక నేమ్‌ప్లేట్లకు పనికొస్తాయి. పూర్తి పట్టు రావడానికి వాటికి దాదాపు మూడు రోజులు కావాలి. పచ్చి చెక్కకు నేరుగా అంటించకుండా ముందు వార్నిష్ కొట్టి ఆరనివ్వాలి.

చెక్క కదులుతుంది, రంగు కదలదు

చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, వదిలి ముడుచుకుంటుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో హైదరాబాద్ గాలి ఎంత పొడిగా ఉంటుందో, ఆగస్టులో అంత చెమ్మగా ఉంటుంది. ఈ మార్పుతో చెక్కలో తేమ నాలుగు శాతం అటూ ఇటూ అయిందనుకుంటే, 10 సెంటీమీటర్ల వెడల్పున్న టేకు పలక అడ్డంగా ముప్పావు మిల్లీమీటరు దాకా పెరగొచ్చు, తగ్గొచ్చు. వినడానికి చిన్న అంకె. కానీ గట్టి జిగురు, పట్టు తక్కువగా ఉన్న రంగు మధ్య ఆ ముప్పావు మిల్లీమీటరు ఏటా రెండుసార్లు లాగీ నెట్టీ రంగును లప్పం నుంచి విడదీస్తుంది. వానలు మొదలవగానే ఊడటం వెనక తేమకు మెత్తబడే జిగురుతో పాటు ఈ కదలిక కూడా ఉంది.

ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి అది అంతగా పెరగదు. చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే ఎండీఎఫ్ బోర్డు నీరు తగిలితే మందంలో ఉబ్బుతుంది. కాబట్టి అసలు టేకు, వేప, మామిడి పలకలకు సాగే జిగురు, ప్లైవుడ్, ఎండీఎఫ్‌లకు కాస్త గట్టిదైనా ఫరవాలేదు. ముషీరాబాద్ టింబర్ డిపోల నుంచి తెచ్చిన పలకను ఆ రోజే అతికించకుండా రెండు మూడు వారాలు ఆ గదిలోనే ఉంచితే అది ఆ గది తేమకు అలవాటు పడుతుంది. ముందు వైపు పాలిష్ కొట్టి వెనక వైపు వదిలేయడం ఇంకో పొరపాటు. ఒకవైపే తేమ పీల్చే పలక వంగుతుంది. వెనక వైపుకూ ఒక సీలర్ కోటు వేయాలి. జిగురు గీతలు పడే చోట మాత్రం గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దాలి.

రంగు గీకాలా, అలాగే వదలాలా

ప్యానెల్ వెనక ఎలాగూ కనిపించదు కాబట్టి జిగురు గీతలు పడే చోట రంగు, లప్పం గీకేసి ప్లాస్టరింగ్ దాకా వెళ్లడమే అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. మొత్తం గోడ గీకనక్కర్లేదు. రెండు అంగుళాల వెడల్పు పట్టీలు చాలు. గీకాక బ్రష్‌తో దుమ్ము పూర్తిగా దులపాలి. దుమ్ము మిగిలితే లప్పం ఉన్నా లేకున్నా ఒకటే. కార్పెంటర్లు దీనికి బద్ధకిస్తారు, ఎందుకంటే గీకే పని మీద కూలీ అదనంగా ఎవరూ ఇవ్వరు. పని ఒప్పుకునేటప్పుడే ఆ మాట అనుకుని డబ్బు కట్టడం న్యాయం.

గీకడం కుదరకపోతే, టేపు పరీక్షలో నెగ్గిన రంగును 100 లేదా 120 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. వంటింటి గోడకు ముందు సబ్బు నీటితో జిడ్డు కడగాలి. జిడ్డు మీద రుద్దితే ఆ జిడ్డే లోపలికి దిగుతుంది.

పాత ఎనామిల్ తలుపులు, కిటికీలు రుద్దేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించకూడదని కేంద్రం 2016లో నిబంధనలు తెచ్చింది. అవి 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. పొడిగా రుద్దితే ఆ దుమ్ము గదంతా లేస్తుంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకు సీసం హాని చేస్తుంది. కాబట్టి నీళ్లు చల్లుకుంటూ వాటర్ పేపర్‌తో రుద్దాలి, మాస్కు పెట్టుకోవాలి, పిల్లలను, గర్భిణులను ఆ గదిలోకి రానివ్వకూడదు, పనయ్యాక నేలను తడిగుడ్డతో తుడవాలి.

అద్దె ఇంట్లో తీసేసే రోజు

జిగురుతో పెట్టాలనుకునేవాళ్లలో చాలామంది అద్దెకుండేవాళ్లే. గోడకు రంధ్రం పడకూడదన్నది వాళ్ల ఆలోచన. కానీ రంధ్రం కన్నా జిగురే గోడకు ఎక్కువ నష్టం చేయొచ్చు. గిట్టీ తీసిన రంధ్రాన్ని చిటికెడు లప్పంతో పూడ్చి పైన రంగు అద్దితే సరిపోతుంది. హైబ్రిడ్ జిగురుతో పట్టిన పలకను గుంజితే చేతి వెడల్పున రంగూ, లప్పమూ ఊడొస్తాయి. అప్పుడు ఆ గోడ మొత్తానికి రంగు వేయాలి, ఎందుకంటే పాత రంగు పక్కన కొత్త రంగు అదే షేడ్ అయినా తేడా తెలుస్తుంది. అడ్వాన్సులో కోత పడేది అక్కడే.

ఈ లెక్క ఓనరుకు ముందే చెబితే రెండు చిన్న రంధ్రాలకు ఒప్పుకోవచ్చు. ఒప్పుకోకపోతే తేలిక వస్తువులకు లాగితే సాగి ఊడొచ్చే టేపు పట్టీలు ఉన్నాయి. అవి కూడా గట్టి రంగు మీదే శుభ్రంగా వస్తాయి, డిస్టెంపర్ మీద కాదు. ఇప్పటికే జిగురుతో పెట్టిన పలకను తీయాలంటే గుంజకూడదు. పలకకూ గోడకూ మధ్య గట్టి నైలాన్ దారం, గాలం దారం లాంటిది, దూర్చి రంపంలా అటూ ఇటూ లాగుతూ పైనుంచి కిందికి కోసుకుంటూ రావాలి. తెల్ల జిగురైతే ముందు హెయిర్ డ్రయ్యర్‌తో కాసేపు వేడి చేస్తే మెత్తబడుతుంది. పలక వచ్చాక గోడ మీద మిగిలిన జిగురును బ్లేడుతో సన్నగా చెక్కి, మిగతాది రుద్ది, లప్పం పెట్టి, ఆరాక ప్రైమర్ వేసి, అప్పుడు రంగు అద్దాలి.